మునిగిపోయిన హాజరు పట్టీ

టీచర్ల గది, విరిగిన కుర్చీ పక్క కుర్చీ
నాలుగో తేదీ, సోమవారం

మహారాజశ్రీ అక్కగారి పాదపద్మములకు తమ్ముడు అనేక నమస్కారములు చేసి వ్రాసుకొను విన్నపం.

ముందుగా క్షమాపణ. ఒక కుటుంబం, ఒక వృత్తి, ఒక ఉన్నత పాఠశాల, ఈ మూడింటి పరువునీ ఒంటిచేత్తో గంగలో కలిపినందుకు నన్ను మన్నించు. నిజానికి ఇంకా కలపలేదు. కానీ నా సంగతి నాకు తెలుసు కనుక ముందే అడిగి పెట్టుకుంటున్నాను. కలిపే రోజున తీరిక దొరక్కపోవచ్చు.

నువ్వేమో సిగ్నల్ రాని కొండెక్కి కూర్చుని వానలు కొలుస్తున్నావు. ఫోను లేదు, ఉత్తరమే గతి. మంగళవారం జీపు వచ్చినప్పుడు నీ సరుకులతో పాటు నా గోడు కూడా దించుకో.

తాత్కాలిక సైన్సు టీచరుగా చేరి మూడు నెలలైంది. తొమ్మిదో తరగతికి క్లాసు టీచర్ని కూడా నేనే. అంత పెద్ద పదవి నాకెందుకిచ్చారని అడక్కు. మిగతావాళ్ళందరూ వద్దన్నారు, అంతే. రైలు పట్టాలకి అవతల ఇంకో బడి ఉండేది. గోడలు బీటలు వారాయని దాన్ని మూసేసి, అక్కడి తొమ్మిదో తరగతి పిల్లలు ఇరవై రెండు మందిని తెచ్చి మా ముప్పై ఒక్క మంది పక్కన కూర్చోబెట్టారు. 'పక్కన' అన్నది మర్యాదకి అంటున్నాను. గది మధ్యలో నడవ ఉంది. ఇటు మావాళ్ళు, అటు వాళ్ళు. మావాళ్ళు వాళ్ళని 'అవతలోళ్ళు' అంటారు. ఆ మాట కనిపెట్టినవాడు మా నాయకుడు, మైకు. వాడు గుసగుసలాడితే గేటు దగ్గర వాచ్‌మన్ ఉలిక్కిపడి లేస్తాడు.

అవతలోళ్ళలో ఐదుగురు ఇప్పటికే టీసీలు తీసుకుని వెళ్ళిపోయారు. పదో టీసీ తెగిన రోజున మిగిలినవాళ్ళందరినీ పదహారు కిలోమీటర్ల దూరంలో ఉన్న బడికి మార్చేస్తారట. అంత దూరం సగం మంది వెళ్ళరు. ఆ సగంలో ఆడపిల్లలే ఎక్కువ. ఇవాళ ఆరో టీసీ కోసం ఒక తల్లి వచ్చి, కాగితం ఇచ్చి, "మా అమ్మాయికి ఇష్టం లేదండి" అని మాత్రం చెప్పి వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి చివరి బెంచీలో గోడ పక్కన కూర్చుంటుంది. మూడు నెలల్లో ఒక్క మాట బయటికి రాలేదని మైకు 'తాళం' అని పేరు పెట్టాడు.

పెద్ద మేడం, అంటే మా హెడ్మాస్టరమ్మ, నన్ను పిలిచారు.

"ఈ పిల్ల హాజరెలా ఉంది మాస్టారూ?"

"ఒక్క రోజు కూడా మానలేదు మేడం," అన్నాను, హాజరు పట్టీ గుండెలకి హత్తుకుని.

"రోజూ వచ్చే పిల్ల వెళ్ళిపోతానని ఎందుకంటుంది?"

"అదే నాకూ బోధపడటం లేదు మేడం."

ఆవిడ ఆ కాగితాన్ని సంతకం పెట్టకుండా సొరుగులో వేశారు. "అర్ధ సంవత్సర పరీక్షల దాకా ఆగుదాం. అప్పటికీ అదే మాటంటే పెట్టేస్తాను. ఈలోగా మీరేం చేస్తారో చేయండి," అన్నారు.

నేనేం చేస్తానో నీకు తెలుసు కదా. ఉపన్యాసమిచ్చాను. చాక్‌పీసులు పెట్టుకునే నీ రేకు డబ్బా ఎత్తి పట్టుకుని, "మా అక్క తొమ్మిదో తరగతిలో ఉండగా కొత్త ఊరికి, కొత్త బడికి వెళ్ళింది. అయినా ఒక్క పూట మానలేదు. నూటికి నూరు హాజరుకి ఇచ్చిన బహుమతిది," అన్నాను.

మైకు చెయ్యెత్తాడు. "లోపల ఏముండేది సార్?"

"ఏమీ లేదు రా."

"మరి బహుమతేది సార్?"

ఈ తరానికి గౌరవం తెలియదు. సలహా పంపు.

ఇట్లు, నీ అమాయకుడు

*

వాతావరణ కేంద్రం, కొండ మీద
పన్నెండో తేదీ, మంగళవారం

ఒరేయ్ తమ్ముడూ,

జీపు డ్రైవరు టీ తాగి, టైర్లని తిట్టుకుని, బయలుదేరడానికి ముప్పావు గంట. ఈలోపు రాసేయాలి.

నావి పాదపద్మాలు కావు, రబ్బరు బూట్లలో నాని ఉబ్బిపోయాయి. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి గొట్టంలో ఎంత వాన పడిందో చూస్తాను. తర్వాత కొండ కింద పదహారు ఊళ్ళ లెక్కలు వైర్‌లెస్‌లో విని పుస్తకంలో ఎక్కిస్తాను. మిగతా రోజంతా మబ్బుల మొహం నేను, నా మొహం మబ్బులు.

ఆ డబ్బా గురించి ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి ఒకటి ఉంది. నువ్వు దాన్ని ఎత్తి పట్టుకుని ఉపన్యాసాలిస్తున్నావు కాబట్టి చెప్పక తప్పేట్టు లేదు.

ఆ బడిలో చేరిన రెండో నెలలో నేను వెళ్ళడం మానేశాను. పొద్దున్నే సంచి వేసుకుని బయలుదేరేదాన్ని. బస్‌స్టాండులో మూడో ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని, బడి వదిలే వేళకి ఇంటికొచ్చేదాన్ని. పందొమ్మిది రోజులు. ఎందుకంటే ఏం చెప్పను. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఎవరూ ఏమీ అనలేదు. అందుకే.

ఎవరో ఒకరు అడుగుతారని చూశాను. బడి నుంచి ఇంటికి కబురొస్తుంది, నాన్న వీపు చిట్లగొడతాడు, పోనీ నేను లేనని ఒకరికైనా తెలిసినట్టవుతుంది అనుకున్నాను. రాలేదు. ఇరవయ్యో రోజు విసుగొచ్చి నేనే వెళ్ళాను. నా చోట్లో ఎవరిదో సంచి ఉంది. పక్కకి జరిపి కూర్చున్నాను. ఏడాది చివర నన్ను స్టేజీ మీదకి పిలిచి, నూటికి నూరు హాజరని ఆ డబ్బా చేతిలో పెట్టి, చప్పట్లు కొట్టారు.

నీకప్పుడు ఐదేళ్ళు. నువ్వు అడగ్గానే ఇచ్చేశాను, రంగు పెన్సిళ్ళు పెట్టుకున్నావు. దానికి అదే మంచి గతి.

సలహాలు నా దగ్గర లేవు. ఒక్క ప్రశ్న ఉంది. మీ పట్టీలో చివరి పేరు ఎవరిది రా? దాన్ని నువ్వు పైకి చదివి ఎన్నాళ్ళయింది?

హారన్ కొడుతున్నాడు.

అక్క

*

తొమ్మిదో తరగతి గది
పదిహేనో తేదీ, శుక్రవారం

అక్కా,

నీ ఉత్తరం నిన్న పొద్దున అందింది. దాని గురించి తర్వాత రాస్తాను.

ముందు ఒక దుర్వార్త. నిన్న గురువారం సాయంత్రం ఇక్కడ కుండపోత వాన. మా గది కప్పు కారింది. నా బల్ల మీద ఉన్న హాజరు పట్టీ జారి, కింద ఉన్న బకెట్లో పడి, సిరా అంతా వదిలి పరమపదించింది. నీలం సిరాలో మా ముప్పై ఒక్క మంది, చివర అతికించిన కాగితం మీద ఎర్ర సిరాలో అవతలోళ్ళు, అందరూ కలిసి ఊదా రంగు నీళ్ళయ్యారు. ఆ పట్టీలో వాళ్ళు కలవడం అదే మొదటిసారి.

పెద్ద మేడం తడి ముద్దని అటూ ఇటూ తిప్పి చూశారు. "కొత్త పట్టీ రావడానికి వారం పడుతుంది. అప్పటిదాకా ఎవరు వచ్చారో ఎవరు రాలేదో నోటితో చెప్పండి," అన్నారు.

ఇవాళ పొద్దున పట్టీ లేకుండా నిలబడితే నాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఎవరు రాలేదో మీరే చెప్పండి," అన్నాను.

"అందరూ వచ్చారు సార్," అన్నాడు మైకు, పక్క వీధికి కూడా తెలిసేట్టు.

"ఆ గోడ పక్కన ఎవరూ లేరే."

"అక్కడా... తాళం కూర్చుంటుంది సార్."

"అసలు పేరు?"

ముప్పై ఒక్క మంది ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూడు నెలలుగా ఒకే గదిలో ఉన్నారు, ఒక్కరికీ తెలియదు. నడవకి అటు పదహారు మంది చేతులు కట్టుకుని కూర్చున్నారు. వాళ్ళలో ఒక బక్క పిల్ల లేచి, "మాకు తెలుసు సార్. చెప్పం. కావాలంటే వాళ్ళనే కనుక్కోమనండి," అని కూర్చుంది. ఆ పిల్ల రేపు పెద్ద లాయరవుతుంది, రాసి పెట్టుకో.

నోటికొచ్చింది అనేశాను. రేపటి నుంచి ఎవరి హాజరు వాళ్ళు పలకకూడదు. నడవకి ఇటువైపు వాళ్ళకి అటువైపు వాళ్ళు సాక్షి, అటువైపు వాళ్ళకి ఇటువైపు వాళ్ళు. వస్తే వచ్చారని చెప్పాలి. రాకపోతే ఎందుకు రాలేదో చెప్పాలి. తెలియకపోతే వెళ్ళి కనుక్కోవాలి. చీటీలు వేశాం. నీ డబ్బాలోనే. తాళం పేరు తెలియదు కాబట్టి ఆ చీటీ మీద తాళం కప్ప బొమ్మ గీశారు. అది మైకుకి పడింది. వాడు దాన్ని పరీక్ష ఫలితంలా పట్టుకుని నిలబడ్డాడు. రాని తాళం తరఫున తీస్తే రెండు చీటీలు పడ్డాయి. ఒకటి మైకుది. రెండోది నాది. నేను మాత్రం దేవుడినా, నాకూ సాక్షి ఉండాలని పట్టుబట్టారు.

ఇంతే సంగతులు.

తమ్ముడు

*

వాతావరణ కేంద్రం
పంతొమ్మిదో తేదీ, మంగళవారం

తమ్ముడూ,

కుండపోత వానా. సరే.

ఉత్తరంలో పాదపద్మాలు లేవు, ఒంట్లో బాగుందా? తర్వాత రాస్తానన్నది రాయలేదు, నేను అడగను. మైకు వెళ్ళాడా లేదా, అది రాయి. ఇక్కడ మా వైర్‌లెస్ ఆపరేటరు కూడా అడుగుతున్నాడు. మబ్బుల కంటే నీ తరగతే నయమట.

అక్క

*

టీచర్ల గది
ఇరవై మూడో తేదీ, శనివారం

మహారాజశ్రీ అక్కగారికి, ఆపరేటరు గారికి కూడా,

వెళ్ళాడు. పోయిన శనివారం పొద్దున వచ్చి గది మధ్యలో నిలబడి వాంగ్మూలం ఇచ్చాడు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"సార్, తాళం వాళ్ళమ్మది రైలు పట్టాలవతల లాండ్రీ. తాళం అక్కడే ఉంది. లాడ్జీ దుప్పట్లు నలభై ఇస్త్రీ చేస్తోంది. ఎందుకు రావట్లేదు అనడిగాను. మాట్లాడలేదు. ఇంకోసారి అడిగాను. చొక్కా విప్పమని సైగ చేసింది. విప్పాను. ఇస్త్రీ చేసి ఇచ్చింది. వచ్చేశాను."

"అంటే కారణం తెలియలేదన్నమాట."

"తెలియలేదు సార్. చొక్కా మాత్రం చూడండి."

చొక్కా నిజంగానే కత్తిలా ఉంది. అసలు పేరు మాత్రం వాళ్ళమ్మని అడిగి తెలుసుకున్నాడు. ఇంటిపేరుతో సహా చెప్పాడు. ఇప్పుడది రెండు వీధులకి తెలుసు.

సోమవారం హాజరు వేళకి తరగతిలో తొమ్మిది మంది తక్కువ. మైకు లేడు, వాడి దండు లేదు, బక్క లాయరు లేదు. "ఎందుకు రాలేదు?" అనడిగితే సాక్షులందరూ ఒకటే మాట: "తాళం ఎందుకు రాలేదో కనుక్కోవడానికి వెళ్ళారు సార్." ఒకరు రాలేదని తొమ్మిది మంది మానేశారు. పిల్లల్ని బడికి రప్పించడానికి నేను కనిపెట్టిన పద్ధతి ఇది. పెద్ద మేడం వరండాలోంచి విని, "మాస్టారూ, ఇలాగే సాగితే శుక్రవారానికి బడి మొత్తం లాండ్రీలో ఉంటుంది," అన్నారు.

అక్కడేమైందంటే, తొమ్మిది మందీ వరసగా నిలబడి ఇస్త్రీ చేస్తామన్నారు. తొందరగా అయిపోతే తాళం బడికి రావచ్చని వాళ్ళ లెక్క. మైకు ఒక దుప్పటి మీద ఇస్త్రీ పెట్టె మర్చిపోయి మాట్లాడుతూ ఉండిపోయాడు. ఇప్పుడు ఆ దుప్పటికి త్రికోణం కిటికీ ఉంది. తల్లి తొమ్మిది మందినీ బయటికి తోలి, వాళ్ళని తోలే పనిలోనే కూతుర్ని కూడా తోలేసింది. "ముందు వీళ్ళని తీసుకుపో తల్లీ, నా వ్యాపారం మునుగుతుంది," అందట. అలా మంగళవారం తాళం వచ్చింది. మాట్లాడలేదు. నా హాజరు వంతు వచ్చినప్పుడు "సారు వచ్చారా?" అని పిల్లలడిగితే, నన్ను ఎగాదిగా చూసి తలూపింది. అంతే.

గురువారం కొత్త పట్టీ వచ్చింది. పేర్లు ఏ వరసలో రాయాలని అడిగాను. నేననుకున్నదేమో అక్షర క్రమం. మైకు లేచాడు. వాడు మొదటిసారి నెమ్మదిగా మాట్లాడటం విన్నాను.

"సార్, నేను తాళం వాళ్ళింటికి నడిచి వెళ్ళాను. యాభై నిమిషాలు పట్టింది. మా ఇల్లు బడి వెనకే. గంట విని లేస్తాను. అంత దూరం నడిచొచ్చేవాళ్ళ పేరు చివర్లో ఎందుకు పిలవాలి? ఎవరు దూరం నుంచొస్తే వాళ్ళ పేరు ముందు రాయండి సార్."

బక్క లాయరు లేచి, "అభ్యంతరం లేదు" అంది.

అలాగే రాశాను, అందరికీ ఒకే సిరాతో. తాళం ఒకటో నంబరు. మైకు నలభై ఎనిమిది.

టీసీ కాగితం ఇంకా సొరుగులోనే ఉంది.

ఇట్లు, ఏమీ చేయని క్లాసు టీచరు

*

వాతావరణ కేంద్రం
ఇరవై ఆరో తేదీ, మంగళవారం

తమ్ముడూ,

ఆ తొమ్మిది మంది సంగతి ఆపరేటరుకి చదివి వినిపించాను. వాడు పడీ పడీ నవ్వాడు. నేను బయటికెళ్ళి గొట్టంలో వాన చూసుకున్నాను. అప్పటికి వాన లేదు.

మూడో ప్లాట్‌ఫారం మీద ఒక్కడు వచ్చి నా పక్కన కూర్చుని పిచ్చి ప్రశ్న వేసి ఉంటే చాలునని ఇన్నేళ్ళూ అనుకున్నాను. తొమ్మిది మందిని ఊహించలేదు.

దుప్పటికి నష్టపరిహారం కింద మైకు చేత ఏమైనా చేయించావా?

అక్క

*

టీచర్ల గది, విరిగిన కుర్చీ (బాగు చేయించారు)
రెండు నెలల తర్వాత, ఎనిమిదో తేదీ

మహారాజశ్రీ, సకల మేఘ సార్వభౌమ అక్కగారికి,

డప్పులు తెప్పించు. లేకపోతే గొట్టం మీదైనా దరువెయ్యి.

మైకు నాలుగు ఆదివారాలు లాండ్రీలో గుండీలు కుట్టాడు. అది పాత కబురు. కొత్త కబురు నిన్నటిది.

నిన్న అర్ధ సంవత్సర పరీక్షలు అయిపోయాయి. అదే రోజు పై ఆఫీసు నుంచి తనిఖీ అధికారి వచ్చారు. అవతలోళ్ళని ఉంచాలా, పదహారు కిలోమీటర్ల బడికి పంపాలా అన్నది ఆయనే తేల్చాలి. పట్టీ తెరిచారు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ తెరిచారు.

"ఇదేం వరస? అక్షర క్రమం లేదు, మార్కుల క్రమం లేదు. అసలు ఇందులో పాతవాళ్ళెవరు, కొత్తవాళ్ళెవరు?"

"అది పట్టీలో కనబడదండి," అన్నారు పెద్ద మేడం. "పట్టీ పక్కన పెట్టి పిల్లల్నే అడగండి."

ఆయన తలలు లెక్కపెట్టారు. నలభై ఏడు.

"ఒకరు లేరు. ఎవరు?"

ఎవరూ పలకలేదు. రోజూ గోలగోలగా చెప్పేవాళ్ళు గుడ్లప్పగించి కూర్చున్నారు. తర్వాత అర్థమైంది. అది మైకు చోటు. మైకు సంగతి చెప్పాల్సిన సాక్షి ఒక్కతే. ఆమె మాట ఇంకొకరు చెప్పకూడదు, అది రూలు. నలభై ఆరు తలలు గోడ వైపు తిరిగాయి.

తాళం లేచింది. ఇన్ని నెలలూ సాక్ష్యమంటే తలూపడమో, తల అడ్డంగా తిప్పడమో. నిన్న అది చాలదని తనకీ తెలుసు. గొంతు సవరించుకుంది. చాలా రోజులు వాడని కుళాయి తిప్పినట్టు మొదట ఉత్త గాలి వచ్చింది. తర్వాత మాట వచ్చింది.

"మైకు రాలేదండి. గవదబిళ్ళలు. నిన్న సాయంత్రం వెళ్ళి చూశాను. రెండు బుగ్గలూ ఇంతింత లావున్నాయి. గొంతు పెగలడం లేదు. డాక్టరు ఐదు రోజులు మాట్లాడొద్దన్నాడు. వాళ్ళమ్మ పది రోజులు రాయమని బతిమాలుతోందండి."

గది పేలిపోయింది. కిటికీల మీద పావురాలు లేచిపోయాయి. పెద్ద మేడం నవ్వు దాచుకోవడానికి నల్లబల్ల మీద లేని దుమ్ము తుడిచారు.

అధికారి మాత్రం తాళం వైపే చూస్తున్నారు. "నువ్వెవరమ్మా?"

"ఒకటో నంబరండి."

"క్లాసులో ఫస్టా?"

"కాదండి. అందరికంటే దూరం."

ఆయన ఫైలు తిరగేశారు. "నువ్వు టీసీ అడిగినట్టుందే ఇందులో."

తాళం నేరుగా పెద్ద మేడం దగ్గరికి నడిచి చెయ్యి చాపింది. "ఆ కాగితం ఇచ్చేయండి మేడం. మా ఇస్త్రీ బల్లకి ఒక కాలు పొట్టి. మడిచి కింద పెట్టుకుంటాను."

ఇచ్చేశారు. అధికారి ఫైలు మీద ఏదో రాసి మూసేశారు. ఏం రాశారో వెళ్ళాక పెద్ద మేడం చదివి వినిపించారు: "మార్చవలసిన అవసరం కనబడలేదు. మార్చవలసినవాళ్ళు కూడా కనబడలేదు." ఆ రెండో వాక్యం కోసం ఆయన మీద ఒక పద్యం రాద్దామనుకున్నాను. నీ అదృష్టం, నాకు రాదు.

ఇంకా ఉంది. టీసీలు తీసుకుపోయిన ఐదుగురి పేర్లు కూడా రోజూ పిలవాలని పిల్లలే పట్టుబట్టారు. పిలిచినప్పుడల్లా ఎందుకు రాలేదో ఎవరో ఒకరు చెప్పాలి కదా, రోజూ వెళ్ళి అడిగి అడిగి వాళ్ళ ప్రాణాలు తోడేశారు. ఇవాళ పొద్దున ముగ్గురు తిరిగొచ్చారు. ఈ పోరు కంటే బడే నయమన్నారట.

చివరగా నీ విషయం. ఆ డబ్బాలో మైకు ఎప్పుడో ఒక చీటీ కలిపాడు: 'సారు వాళ్ళక్క'. అది వాడికే పడింది, పడేట్టు చూసుకున్నాడని నా అనుమానం. రోజూ హాజరు ఆఖర్న "సారు వాళ్ళక్క?" అని పిలుస్తాం. మైకు లేచి, "రాలేదు సార్. కొండ మీద వానలు కొలుస్తోంది," అంటాడు. దూరం ప్రకారం నువ్వే ఒకటో నంబరు కావాలని వాడు వాదించాడు. తాళం ఒప్పుకోలేదు. రోజూ నడిచొచ్చేవాళ్ళకే లెక్కట.

ఇట్లు, విజయగర్వంతో కాలు నేల మీద ఆనని తమ్ముడు

*

వాతావరణ కేంద్రం
పదమూడో తేదీ, మంగళవారం

తమ్ముడూ,

గొట్టం మీద దరువేశాను. ఆపరేటరు నాకేమైనా అయిందేమోనని పరుగెత్తుకొచ్చాడు.

మైకు రోజూ చెప్పే వాక్యాన్ని నాలుగుసార్లు చదువుకున్నాను. వాడి గొంతు బాగుపడగానే నా తరఫున ఒక మాట చెప్పు. "ఒకరు అడుగుతున్నారని సారు వాళ్ళక్కకి తెలిసింది" అని. వాడికి అర్థం కాకపోయినా పరవాలేదు.

ఇక అసలు విషయం. రెండు నెలలుగా ఊరుకున్నాను. నువ్వే చెబుతావని ఎదురుచూశాను, నీ తరగతి గట్టెక్కాలని కూడా ఎదురుచూశాను. గట్టెక్కింది కాబట్టి అడుగుతున్నాను.

నీ పట్టీ మునిగిన ఆ పధ్నాలుగో తేదీ గురువారం మీ ఊళ్ళో పడిన వాన: సున్నా. అంతకు ముందు మూడు రోజులూ సున్నా. నా చేత్తో నేనే ఎక్కించాను. ప్రపంచంలో ఇన్ని అబద్ధాలుండగా వాన గురించి, వాన కొలిచే అక్కకి చెప్పావు చూడు, అందుకే నువ్వంటే నాకు దిగులు.

ఏం చేశావు రా?

అక్క

*

తొమ్మిదో తరగతి గది
పదిహేడో తేదీ, శనివారం

అక్కా,

వాన పడలేదు. కప్పు కారలేదు. మిగతాది చివర్లో రాస్తాను, ధైర్యం కూడగట్టుకోవాలి. ముందు దాని పర్యవసానాలు విను.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని నిన్న పొద్దున తరగతిలో నిలబడి జరిగింది చెప్పేశాను. పెద్ద మేడాన్ని కూడా పిలిచాను. రెండుసార్లు చెప్పే ఓపిక లేదు.

ముందు మైకు తేరుకున్నాడు. కొత్తగా నయమైన గొంతుతో, "అయితే మీరూ మాలాంటివారేనా సార్?" అన్నాడు. అందులో నింద లేదు. చేతిలో ఉంటే నాకు సభ్యత్వం కార్డు ఇచ్చేవాడు.

పెద్ద మేడం, "ఆ ముద్ద చూసినప్పుడే అనుకున్నాను మాస్టారూ. బల్ల మీంచి జారిన పట్టీ మూలనున్న బకెట్లో ఎలా పడుతుంది?" అన్నారు. నా ఫైల్లో మెమో పడింది. శిక్ష కింద, బడిలో పధ్నాలుగు తరగతుల పట్టీలూ నేనే నా చేత్తో తిరగరాయాలి. దూరం వరసలో, ఒకే సిరాతో. మిగతా తరగతులన్నీ అదే కావాలని గొడవ చేస్తున్నాయట. రాసి రాసి చెయ్యి వాచింది. ఇంత సంతోషంగా ఎప్పుడూ వాచలేదు.

ఇవాళ పొద్దున హాజరు పిలిచాను. అందరూ అయ్యాక, "సారు వచ్చారా?" అని పిల్లలడిగారు. ఇన్ని నెలలూ ఆ ప్రశ్నకి తాళం తలూపి ఊరుకునేది. ఇవాళ లేచి నిలబడింది.

"వచ్చారు," అంది. "కొంచెం ఆలస్యంగా."

కూర్చుంది. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు, కానీ మొహం నవ్వింది.

ఎందుకలా అందో నీకు చెప్పాలి. ఇదుగో.

ఆ గురువారం పొద్దున నీ ఉత్తరం చదివి పట్టీ తెరిచాను. చివరి పేరు తాళానిది. దాన్ని నేను ఒక్కసారి కూడా పైకి చదవలేదు. ముప్పై ఐదో పేరు దగ్గర గంట కొడతారు. పాఠానికి ఆలస్యమవుతుందని మిగతావాళ్ళకి తల ఎత్తకుండా టిక్కులు పెట్టుకుంటూ పోయేవాణ్ణి. మధ్యాహ్నం సైకిలేసుకుని లాండ్రీకి వెళ్ళాను. ఆ తల్లి, "ఇవాళ్టితో పదకొండు రోజులు బాబూ, ఇక్కడే ఉంటోంది. మీకు తెలియదా?" అంది. "తెలుసమ్మా, అందుకే వచ్చాను," అన్నాను. ఇస్త్రీ బల్ల వెనక నుంచి ఆ పిల్ల తలెత్తి నన్ను చూసి మళ్ళీ దించుకుంది. ఆ చూపుకి నేనేమిటో తెలుసు.

తిరిగొస్తే వరండాలో పెద్ద మేడం. "ఆ అమ్మాయి హాజరు రేపు పొద్దున నేనే చూస్తాను, పట్టీ తీసుకురండి," అన్నారు. ఆ పట్టీలో పదకొండు టిక్కులున్నాయి. నీకు డబ్బా ఇప్పించిన టిక్కుల్లాంటివి. అవి పెట్టిన చెయ్యి నాది.

పిల్లలు వెళ్ళిపోయాక ఈ గదిలోనే తలుపు దగ్గరికి వేశాను. నల్లబల్ల తుడిచే గుడ్డ తడుపుకునే బకెట్ మూల ఉంటుంది. పట్టీని అందులో వేశాను. అట్ట పుస్తకం కదా, మునగలేదు, పైకి తేలింది. చొక్కా చేతులు మడిచి, బుడగలు ఆగేదాకా, రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను.

ఇందులో నేను సొంతంగా చేసింది అదొక్కటే.